రెండు తలల వైరు

పోయిన వారం కుల్సుంను ఎక్కడ వదిలి వచ్చామో మరిచిపోయిన వాళ్ల కోసం నాలుగు మాటలు. సిద్దిపేటలో శైలేందర్ టెంట్‌హౌజ్ సామాన్ల గదిలో, మిట్టమధ్యాహ్నపు ఉక్కలో, జంపఖానాల మడతల్లో దొరికిన ఒక వైరును చేత పట్టుకుని ఆమె నిల్చుంది. ఆ వైరుకు రెండు కొనలకూ ప్లగ్గులే. కరెంటు పోయినప్పుడు ఒక తలను జనరేటర్‌కూ, ఇంకో తలను ఇంటి గోడకున్న సాకెట్‌కూ గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది. మెయిన్ స్విచ్ దించకపోతే మాత్రం ఆ కరెంటు ఇంట్లో ఆగదు. మీటరు దాటి వీధి తీగల్లోకి పోయి, లైను బంద్ అయిందని నమ్మి స్తంభం ఎక్కినవాడి ఒంట్లోకి దూరుతుంది.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో, ఇదే ఇంటి వెనకున్న స్తంభం మీద, కుల్సుం భర్త హస్నైన్ అట్లాగే పోయాడు. ఇళ్లకు వైరింగ్ చేసుకునే మనిషి, లైన్‌మన్‌కు సాయంగా స్తంభాలు ఎక్కేవాడు. ఆ రోజు లైను ఆపే ఎక్కించారు. మరి కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగాల్సిన అవసరం లేకుండా ఒక జవాబు దొరికింది. హస్నైన్ నోట్లో మందు వాసన వచ్చింది. కోసి చూస్తే కడుపులోనూ మందు ఉందన్నారు. తాగి ఎక్కాడు, పడి చచ్చాడు అని ఊరు తేల్చేసింది. జీవితంలో చుక్క ముట్టని మనిషి! నోట్లో వాసన సంగతి ఎవరైనా పోసి ఉంటారని కుల్సుం సరిపెట్టుకోగలిగింది, కడుపులోకి ఎట్లా పోయిందో మాత్రం ఆమెకు ఈనాటికీ అంతుపట్టలేదు. తాగుబోతు పెండ్లాం అనే మాటను ఆమె రెండేళ్లుగా మింగుతూనే ఉంది.

ఆ తర్వాత ఆమె 'చలువ'లో చేరింది. పేదవాళ్ల ఇళ్లకు పోయి, పాడైన వైర్లు మార్చి, తక్కువ కరెంటు తినే ఫ్యాన్లు బిగించి, రేకుల పైకప్పులకు తెల్లరంగు వేసి వేడి తగ్గించే సంస్థ అది. ఈ వారం వాళ్లకు పడిన పని పెంటవ్వ గది. పెంటవ్వ ఎవరో కాదు, శైలేందర్ కన్నతల్లి. సగం సిద్దిపేటకు నీడను కిరాయికి ఇచ్చే ఆ మహానుభావుడు తల్లిని మాత్రం పెరట్లో రేకుల గదిలో పడేశాడు. కొడుకుకు చెప్పకుండా ముసలమ్మే చలువ ఆఫీసు మెట్లెక్కి, ఎండకు ప్రాణం పోతోందని చెప్పుకుంది. సంస్థ వాళ్లు ఆమె పేరున వేరే మీటరు తెప్పించారు. దానికి స్తంభం మీది నుంచి తీగ దించడానికి కుల్సుం తమ్ముడు షాదాబ్ వచ్చి, పెరటి గోడ అవతల లైన్‌మన్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఇంటి వైర్లు చూడమని కుల్సుంను లోపలికి పంపింది కూడా పెంటవ్వే. కొడుకు నంగునూరులో పెళ్లి పందిరి వేయడానికి పోయాడు, సాయంత్రం దాకా రాడని చెప్పింది.

వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి, కుల్సుంను కాదు, ఆమె చేతిలోని వైరును చూశాడు. అక్కడ ఆగాం.

శైలేందర్ ముఖంలో నెత్తురు లేదు. ఇంట్లోకి చెప్పకుండా ఎందుకొచ్చావని అడగలేదు, సామాను ముట్టుకున్నావేంటని కసరలేదు. తల వెనక్కి తిప్పి, ముందు వసారాలో ఐస్‌క్రీం ఫ్రీజర్లు తుడుస్తున్న రాకేష్‌ను పిలిచాడు. దౌల్తాబాద్ నుంచి వచ్చి ఈ మధ్యే పనిలో కుదిరిన మనిషి రాకేష్, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు.

"బయటికెళ్లి గొళ్లెం వెట్టు. నేను పిలిచేదాక తియ్యకు. ఎవలు అడిగినా నేను లేనని చెప్పు."

తలుపు మూసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు కుల్సుంకు వెన్నులో వినిపించింది. భయపడిందా అంటే పడింది. కానీ ఆ భయం కన్నా ముందు ఇంకొకటి ఆమె గొంతులోకి వచ్చింది. మనిషి ముఖం చూస్తే తెలిసిపోతుంది కదా. రెండేళ్లుగా ఆమె వెతుకుతున్న జవాబు ఎదురుగా చెమటలు కక్కుతూ నిల్చుంది.

"గిదేనా?" అంది. "మా హస్నైన్‌ను చంపింది గిదేనా?"

అతను వైరు ఇమ్మని చెయ్యి చాపాడు. ఆమె వెనక్కి జరిగింది. అతను కొట్టాడు. టెంట్ గుంజలు ఎత్తీ ఎత్తీ కాయలు కాచిన చెయ్యి అది. చెంప మీద పడగానే కుల్సుం కుడి చెవిలో హోరు లేచింది, ఒళ్లు ఎగిరి వంట గంజుల మీద పడింది. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇత్తడి గంజులు ధబధబ కూలాయి. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. అయినా వైరు వదల్లేదు.

అతను వంగి వైరు గుంజాడు. ఆమె గుంజింది. పిడికిలి విప్పించలేక అతను మోకాలితో ఆమె పొట్టలో పొడిచాడు, జుట్టు పట్టి తల నేలకేసి కొట్టాడు. అప్పటికీ వదలకపోయేసరికి అతనికే ఒక ఆలోచన వచ్చింది. వైరు నడిమి భాగాన్ని ఆమె మెడ చుట్టూ తిప్పి, వెనక కూర్చుని లాగాడు.

ఇక్కడ కథ చెప్పేవాడిగా నేనొక మాట ఒప్పుకోవాలి. ఆ క్షణంలో కుల్సుం హస్నైన్ గురించి ఆలోచించలేదు, అల్లాను తలుచుకోలేదు. గాలి కావాలని మాత్రమే ఆమెకు తెలుసు. కళ్ల ముందు పైకప్పు ఫ్యాను మసకబారుతూ తిరుగుతోంది. కాళ్లు నేలను తన్నుకుంటున్నాయి. నాలుక బయటికి వచ్చింది. ఒక చెయ్యి మెడ దగ్గర వైరు కింద వేళ్లు దూర్చాలని చూస్తోంది, ఇంకో చెయ్యి కూలిన గంజుల మధ్య గుడ్డిగా తడుముకుంటోంది. ఆ చేతికి ఒక ఇనుప గంటె తగిలింది. పెళ్లిళ్లలో బగారా అన్నం కలిపే గంటె, మనిషి చెయ్యంత పొడుగుంటుంది.

భుజం మీదుగా వెనక్కి ఊపి కొట్టింది. మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో ఆమెకు తెలియదు. రెండోది అతని చెవి మీద పడింది. వైరు సడలింది. ఆమె ఒక్క గుక్క గాలి పీల్చి, పక్కకు దొర్లి, లేస్తున్న అతని మోకాలి చిప్ప మీద గంటెను రెండు చేతులా దించింది. చిప్ప పగిలిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

శైలేందర్ అరిచాడు. బయట రాకేష్ విన్నాడో లేదో, పిలిచేదాకా తీయొద్దని కదా చెప్పింది, తీయలేదు.

కుల్సుం మీద ఇంతసేపూ జాలిపడుతూ చదువుతున్న వాళ్లు కాసేపు ఆ జాలి పక్కన పెట్టండి. అతను పడిపోయాక కూడా ఆమె ఆగలేదు. భుజం మీద కొట్టింది, పక్కటెముకల మీద కొట్టింది, అడ్డం పెట్టిన చేతి మీద కొట్టింది. మూతి మీద కొడితే పన్ను ఊడి గంజులో పడి టంగుమంది. తాగుబోతు పెండ్లాం అన్న ప్రతి నోరూ ఆమెకు ఆ ఒక్క నోట్లో కనిపించింది. కొడుతుంటే ఆమెకు హాయిగా ఉంది. రెండేళ్లలో ఒంటికి అంత హాయి తెలియలేదు.

అలిసిపోయాక గంటె పక్కన పెట్టి, అతని కుడిచేతిని నేల మీద పరిచి, మణికట్టు మీద మోకాలు ఆన్చి కూర్చుంది. టెంట్ తాళ్లు కట్టే ఇనుప మేకు ఒకటి తీసి మొనను అతని అరచేతిలో నిలబెట్టింది. సమ్మెట ఎత్తింది.

"జెప్పు. ఒక్క అబద్ధమాడినా ఈ చెయ్యి నేలకు దిగ్గొడ్త."

అతను చెప్పాడు. నెత్తురు ఉమ్ముకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ రోజు తన బిడ్డకు ఓణీ ఫంక్షన్. ఇంటి నిండా చుట్టాలు. కరెంటు పోయింది. జనరేటర్ వేసి, ఈ వైరు గుచ్చాడు. మెయిన్ దించాననే అనుకున్నాడు. పాటలు మోగుతున్నాయి కాబట్టి స్తంభం మీది కేక ఎవరికీ వినిపించలేదు. వెనక గల్లీలో ఏదో పడిందని బావమరిది వచ్చి చెబితే పోయి చూశాడు. హస్నైన్ కింద పడి ఉన్నాడు. చేతులు నల్లగా కాలిపోయి ఉన్నాయి. ఎందుకు కాలాయో శైలేందర్‌కు అప్పుడే అర్థమైంది.

"జైలుకు వోతననుకున్న," అన్నాడు. "బిడ్డ ఫంక్షన్ నాడు పోలీసులు ఇంటికొస్తరనుకున్న. బామ్మర్ది జేబుల సీసా ఉండె. గది వోస్తె తాగి పడ్డడంటరు అన్నడు. వోసినం."

"సచ్చినంక వోసిన్రు."

శైలేందర్ కళ్లు మూసుకున్నాడు.

కుల్సుం సమ్మెట అట్లాగే గాలిలో ఉంది. కానీ ఆమె బుర్ర ఒక్కసారిగా ఎక్కడికో పోయి, అంతే వేగంగా తిరిగి వచ్చింది. చచ్చిన మనిషి నోట్లో మందు పోస్తే చెంపల మీదుగా కారిపోతుంది. కడుపులోకి పోదు. కడుపులోకి పోవాలంటే మింగాలి.

"మింగిండా?" అని అడిగింది. "శైలేందర్. ఆయన మింగిండా?"

"నీళ్లడిగిండు," అన్నాడతను, ముఖం పక్కకు తిప్పుకుని. "కండ్లు తెరిశి నీళ్లని అడిగిండు. సీసా నోటికి వట్టినం."

దవాఖాన పక్క వీధిలోనే ఉంది. ఆటోలో వేసుకుపోతే, ఫంక్షన్‌కు వచ్చిన కార్లలో ఏ ఒక్కదాంట్లో పడుకోబెట్టినా, బతికేవాడేమో. నీళ్లు అడిగినవాడికి మందు పట్టి, ప్రాణం పోయేదాకా పక్కన కూర్చుని, తర్వాత వచ్చి చుట్టాలకు వడ్డించారు. కుల్సుంకు ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే చోటంతా ఎండిపోయింది. మేకు మొనను అరచేతి నడిమికి జరిపి, సమ్మెటను తల మీదికి ఎత్తింది.

"ఆగు, ఆగు," అన్నాడు శైలేందర్. "కొట్టే ముందట ఆ ప్లగ్గు మీది టేపు పీకు. పీకి సూడు ఎవల పనో. గా వైరు నేను జేసుకున్ననా? నాకు వైర్లు కలుపొస్తదా?"

మనిషి ప్రాణం మీదికొస్తే ఏదేదో వాగుతాడు. కానీ అతని కళ్లలో భయంతో పాటు ఇంకేదో కనిపించింది. చేతిలో చివరి ముక్క మిగిలినవాడి ధీమా అది. కుల్సుం సమ్మెట దించకుండానే, ఎడమచేత్తో వైరు అందుకుని, పళ్లతో ప్లగ్గు మీది నల్లటేపు కొస పట్టి లాగింది. ఎండకు జిగురైన టేపు సాగుతూ ఊడింది.

కింద ఆకుపచ్చ లక్క.

ప్లగ్గు మరలు వదులు కాకుండా, లోపలికి తేమ చేరకుండా, వాటి గుంటల్లో లక్క కరిగించి పోసి, బొటనవేలితో ఒత్తి ఉంది. ఈ దేశంలో ఇంకే వైరింగ్ పనివాడూ అట్లా చేయడు. చేసేవాడు ఒక్కడే, ఎందుకంటే లక్క గాజులు చేసే ఇంటి అల్లుడు అతనొక్కడే. గాజులకు పోగా మిగిలిన లక్క ముక్కలను కుల్సుం పుట్టింటి నుంచి మూట కట్టి తెచ్చేది. హస్నైన్ పక్కన కూర్చుంటే, పొయ్యి మీద గరిటెలో పెట్టి కరిగించి, ఆమే పోసేది. వేడి లక్క మీద వేలు కాలకుండా ఒత్తే ఒడుపు పుట్టింట్లో నేర్చుకున్నది ఆమే. హస్నైన్‌కు అది చేతకాదు. అంటే ఆ పచ్చటి ముద్ర మీది వేలిగీతలు కూడా ఆమెవే.

గుర్తొచ్చింది. ఒక ఎండాకాలం కరెంటు కోతలు ఎక్కువైనప్పుడు ఇట్లాంటివే వైర్లు ఇంటికి తెచ్చాడు. రెండు దిక్కులా ప్లగ్గులేంటని ఆమె అడిగింది. జనరేటర్లు ఉన్నవాళ్లు అడుగుతున్నారు, పాపం చీకట్లో ఉంటున్నారు అన్నాడు. జాగ్రత్తగా వాడుకుంటే ఏమీ కాదన్నాడు. ఆమె నవ్వి, గరిటె పొయ్యి మీద పెట్టింది.

సమ్మెట కిందికి దిగింది. అతని చేతి మీదికి కాదు, ఊరికే నేల మీదికి.

శైలేందర్ ఆ సడలింపును పసిగట్టాడు. మోచేతుల మీద లేచి గోడకు ఆనుకుని, ఊడిన పన్ను సందులోంచి నవ్వాడు.

"పో, పోలీసులకు జెప్పు. ఆ వైరు గూడ చూపెట్టు. ఎవలు జేసిన్రంటే ఏం జెప్తవ్?"

అప్పుడు పైకప్పు ఫ్యాను ఆగింది.

మెల్లగా తిరిగి, ఇంకా మెల్లగా తిరిగి, ఆగిపోయింది. గదిలోకి ఉక్క ఒక్కసారిగా దిగింది. కుల్సుం తల ఎత్తి ఆ ఫ్యాను రెక్కల వంక చూసింది. కరెంటు పోయింది. ఎందుకు పోయింది? లైన్‌మన్ వచ్చి ఉంటాడు. లైను ఆపి ఉంటాడు. ఆపితే ఎవరు ఎక్కుతారు? పొద్దున తన చేతుల్తోనే తమ్ముడి నడుముకు బెల్టు బిగించింది. బెల్టు లేకుండా ఎవరూ పైకి ఎక్కకూడదనేది చలువ వాళ్ల కట్టుబాటు. షాదాబ్‌కు బెల్టంటే నామోషీ. "ఆపా, సర్కస్‌ల ఏనుగు లెక్క ఉన్న" అని అక్క మీద గునిశాడు. బలవంతంగా బిగించింది.

ముందు వసారాలో ఎవరో తాడు లాగిన చప్పుడైంది. జనరేటర్ ఒకసారి దగ్గి, మొరాయించి, మళ్లీ లాగితే అందుకుంది. గోడలు దడదడ అదిరాయి. రాకేష్ బుద్ధిమంతుడు. రాత్రి పెళ్లికి ఫ్రీజర్ల నిండా ఐస్‌క్రీం ఉంది, కరెంటు పోగానే జనరేటర్ వేయాలని సేటు చెప్పి ఉన్నాడు. వేశాడు.

కుల్సుం తన చేతిలోని వైరు చూసుకుంది. వైరు ఇక్కడే ఉంది కదా, ఇంక దేంతో కలుపుతాడు?

ఆమె చూపు అర్థమై శైలేందర్ మళ్లీ నవ్వాడు. "నీ మొగడు నాకు ఒక్కటే చేసిచ్చిండనుకున్నవా?"

"మా షాదాబ్ పోల్ మీద ఉన్నడు," అంది కుల్సుం.

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. జనరేటర్ హోరులో అతను ఏదో అన్నాడు. రాకేష్ మెయిన్ దించే వేస్తాడని అంటున్నాడని పెదవులను బట్టి తెలిసింది. దించుతాడు నిజమే. కానీ ఆ మెయిన్ స్విచ్ సంగతి కుల్సుం పొద్దునే చూసింది. పిడి పైకీ కిందికీ బాగానే కదులుతుంది. వెనక మాత్రం రెండు వైర్లనూ నేరుగా కలిపేసి టేపు చుట్టారు. పిడి దించినా ఎత్తినా ఒకటే. ఫ్యూజు ఉండాల్సిన చోట మందపాటి రాగితీగ బిగించారు. రేపు మార్చాలని కూడా అనుకుంది. ఒక ప్రాణం పోయాక కూడా ఈ మనిషి దాన్ని బాగు చేయించలేదు, ఎందుకంటే బాగు చేయించాలంటే తెలిసినవాడు ఎవడో వచ్చి దాన్ని చూడాలి.

తలుపు మీద పడింది. పిడికిళ్లతో గుద్దింది, రాకేష్ పేరు పెట్టి గొంతు చించుకుంది. గొళ్లెం బయట ఉంది. తన అరుపు తనకే వినిపించడం లేదు. కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఊచల సందులోంచి పెరటి గోడ, గోడ మీదుగా స్తంభం కనిపించాయి. స్తంభం పైన షాదాబ్ ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు విల్లులా వెనక్కి వంగి వణుకుతోంది.

ఆలోచించే టైము లేదు, ఆమె ఆలోచించలేదు కూడా. రెండు తలల వైరు తెచ్చి ఒక తలను గోడ సాకెట్‌లో గుచ్చింది. జనరేటర్ కరెంటు ఇంటి వైర్లంతటా పారుతోంది, ఈ వైరులోకీ వచ్చింది. రెండో తల పిన్నులు బయటికి పొడుచుకుని ఉన్నాయి. వాటిని ఇనుముతో కలిపితే జనరేటర్ ఉక్కిరిబిక్కిరై ఆగాలి. ఫ్యూజు ఉంటే అదే కాలి మిగతా ఇల్లు నడిచేది. ఇక్కడ ఫ్యూజు లేదు. శైలేందర్ చేసిన పాపమే ఇవాళ అక్కరకొచ్చింది. జంపఖానా మడత చేతులకు చుట్టుకుంది. గంటె ఎత్తింది. వెనక నుంచి శైలేందర్ ఆమె కాలు పట్టుకుని లాగాడు, ఇల్లు కాలిపోతుందని అరుస్తున్నాడు. ఆమె మడమతో అతని పగిలిన మోకాలి మీద తన్ని, గంటెను పిన్నుల మీద ఆనించింది.

నీలం రంగు మంట లేచింది. కళ్లు మూసుకున్నా లోపలంతా తెల్లగా కనిపించింది. ప్లగ్గు ఢామ్మని పేలింది, కరిగిన లక్క చుక్క ఒకటి ఎగిరి ఆమె చెంప మీద అంటుకుంది. గోడ లోపల వైరు పొడుగునా సుర్రుమని కాలిన వాసన వచ్చింది. జనరేటర్ మూలిగింది, ఇంకోసారి మూలిగింది, ఆగింది.

నిశ్శబ్దంలో గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది. తలుపు తెరిచింది రాకేష్ కాదు. పెంటవ్వ. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో నీళ్ల చెంబు ఉన్నాయి. గంజులు కూలిన చప్పుడుకు వచ్చిందట, లోపలి మాటలు విని గొళ్లెం మీద చెయ్యి వేసి కూడా తీయలేక నిలబడిపోయిందట. అదంతా తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు మాత్రం ముసలమ్మ గుమ్మం పక్కకు జరిగి దారి ఇచ్చింది.

కుల్సుం పరుగెత్తింది. దారిలో జనరేటర్ దగ్గర బిత్తరపోయి నిల్చున్న రాకేష్‌ను తోసి, గోడకు గుచ్చి ఉన్న రెండో వైరును పీకి అవతల పడేసింది. వెనక గల్లీలో అప్పటికే జనం పోగయ్యారు. లైన్‌మన్ తల పట్టుకుని నిల్చున్నాడు. షాదాబ్ బెల్టుకు వేలాడుతున్నాడు, తల కిందికి వాలిపోయి ఉంది. కరెంటు ఉందేమోనని ఎవరూ ముట్టుకోవడం లేదు.

"కరెంటు సచ్చింది," అని అరిచింది. "నేనే సంపిన. ఎక్కున్రి."

ఎక్కారు. తాళ్లు కట్టి దించారు. నేల మీద పడుకోబెట్టారు. వేళ్లు కాలి ఉన్నాయి, పెదాలు నీలంగా మారాయి. ముక్కు దగ్గర చెంప పెట్టి చూస్తే ఊపిరి తగలలేదు. చలువ ఆఫీసులో బొమ్మ మీద నేర్పించినట్టు, కుల్సుం రెండు అరచేతులూ తమ్ముడి రొమ్ము నడుమ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒత్తడం మొదలుపెట్టింది. ఒత్తి వదిలి, ఒత్తి వదిలి. ఎవరో దవాఖానకు ఫోన్ చేస్తున్నారు. ఆపొద్దని నేర్పారు, బండి వచ్చేదాకా ఏం జరిగినా చేతులు ఆపొద్దని.

అప్పుడు ఆమె వెనక, పెరటి గుమ్మంలో, ఈడ్చుకుంటున్న కాలి చప్పుడైంది. ఆ చప్పుడు ఎవరిదో చూడకుండానే తెలిసింది.

"తాగి ఎక్కిండు వాడు," అన్నాడు శైలేందర్, అందరికీ వినపడేట్టు. "బావ లెక్కనే. వద్దంటె అక్క వచ్చి నన్ను కొట్టింది. సూడున్రి నా మూతి. కావాలంటె పోరని నోరు వాసన సూడున్రి."

అతని ఒక చెయ్యి గుమ్మాన్ని పట్టుకుని ఉంది. ఇంకో చెయ్యి వీపు వెనక ఉంది.

జనంలో గుసగుస పుట్టింది. అదే మాట, రెండేళ్లనాటి మాట, అంతే తేలిగ్గా ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోతోంది. బావ కూడా ఇట్లాగే పోయాడు కదా అన్నారెవరో. కుల్సుం లేచి అతని గొంతు కొరికేయగలదు. పక్కనే ఇటుక రాయి ఉంది, చేతికి అందేంత దూరంలో. కానీ రెండు చేతులూ తమ్ముడి రొమ్ము మీద ఉన్నాయి. ఒక్క క్షణం ఎత్తితే ఆ రొమ్ము ఆగిపోతుంది. ఒత్తి వదిలి, ఒత్తి వదిలి, ఆమె తల మాత్రం తిప్పి చూసింది.

శైలేందర్ వెనక పెంటవ్వ ఉంది. చెంబులో నీళ్లు తొణుకుతున్నాయి. కొడుకు వీపు వెనక దాచిన చేతిలోని మందు సీసా అక్కడున్న వాళ్లలో ఆమెకు ఒక్కదానికే కనిపిస్తోంది.

లైన్‌మన్ ఆమెనే అడిగాడు. "అవ్వా, ఇంట్ల నువ్వే ఉన్నవు గద. నువ్వు జెప్పు. పిలగాడు తాగిండా?"

శైలేందర్ తల్లి వైపు తిరిగాడు. ఊరికే చూశాడు. ఆ రేకుల గదీ, అందులోని కుక్కి మంచమూ, పూటకింత బువ్వా అన్నీ ఆ చూపులో ఉన్నాయి. పెంటవ్వ ఆ చూపును చాలాసేపు చూసింది. తర్వాత వంగి, కర్రను గోడకు ఆనించి, చెంబును రెండు చేతులా పట్టుకుంది.

గల్లీ అంతా ఆమె నోటి వంకే చూస్తోంది. కుల్సుం చేతులు మాత్రం ఆగలేదు.